మామ క్యాసెట్ కోసం: బీబీసీ మైక్రో మరమ్మతు డైరీ

జూన్ 8

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మామ ఇంటి అటక మీంచి ఈరోజు దాన్ని దించాం. గోనెసంచిలో పెట్టి, పైన పాత పంచె చుట్టి, కొబ్బరి తాడుతో గట్టిగా కట్టి ఉంచాడు. నేను ముడి విప్పుతుంటే మామ కుర్చీలోంచి లేచి వచ్చి పక్కనే నిలబడ్డాడు. లోపల పసుపెక్కిన పెట్టె, నల్ల కీబోర్డు, పై వరసలో ఎర్రని ఫంక్షన్ కీలు. బీబీసీ మైక్రో, మోడల్ బి.

ఇంగ్లండులో కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో తెచ్చిన మిషను ఇది. బీబీసీ టీవీ జనానికి కంప్యూటర్ నేర్పే కార్యక్రమం పెట్టుకుని, దానికి తోడుగా చేయించింది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన దేశంలో 1984-85లో కేంద్రం క్లాస్ అనే పథకం కింద దాదాపు 250 బడులతో మొదలుపెట్టి పిల్లలకు కంప్యూటర్ చూపించినప్పుడు తీసుకున్నది దీన్నే. మామ ఫిజిక్స్ మాస్టారు. ట్రైనింగుకు పోయొచ్చి, ఆ గది తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. తర్వాత పీసీలు వచ్చాయి, ఇవి స్టోర్ రూముకు చేరాయి. విరిగిన బల్లలతో పాటు వేలం వేస్తే ఒకటి తనే కొని ఇంటికి తెచ్చుకున్నాడు.

సంచి అడుగున ఒక ఆడియో క్యాసెట్ కూడా ఉంది. అట్ట మీద మామ చేతిరాత: ‘కంప్యూటర్. చెరపవద్దు.’

“దీంట్లో నా ప్రోగ్రాం ఉండాది రా. విసిరిన రాయి ఎట్లా పోయి ఎక్కడ పడుతుందో గీస్తుంది. నువ్వు చూసినావు, గుర్తుందా?”

గుర్తుంది. ఏడో తరగతి వేసవి సెలవుల్లో మామ నన్ను ఆ గదికి తీసుకుపోయాడు. తెర మీద పసుపు రంగు చుక్క వంపు తిరుగుతూ లేచి, ఆగినట్టే ఆగి, కిందికి దిగింది. ఈరోజు నేను తిరుపతి కొర్లగుంటలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసుకుంటూ బతుకుతున్నానంటే ఆ చుక్క వల్లనే.

పూతలపట్టు మీదుగా తిరుపతి వచ్చేదాకా బస్సులో ఒళ్ళోనే పెట్టుకున్నాను. దారిలో ఒక నియమం పెట్టుకున్నాను: చెడిపోయింది మారుస్తాను, కానీ బోర్డు మీద ఒక్క ట్రాక్ (రాగి గీత) కూడా కొయ్యను. కొత్తగా చేర్చే ప్రతిదీ సాకెట్లోకో పోర్టులోకో పోవాలి. రేపు తీసేస్తే పాత మిషను అట్లే మిగలాలి.

జూన్ 11

మూత తీస్తే మొదట కనిపించినవి బల్లి గుడ్ల పెంకులు, నాలుగు. తరవాత దుమ్ము. బ్రష్షుతో, బ్లోయరుతో ఒక పూట.

పవర్ సప్లై విప్పాను. ఇలాంటి మిషను ఎవరి అటక మీదైనా ఉంటే దయచేసి ప్లగ్గు పెట్టకండి, ముందు ఈ డబ్బా విప్పండి. కరెంటు లోపలికి వచ్చే చోట రెండు కాగితం కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి 0.1 మైక్రోఫారడ్, ఇంకొకటి 0.01. పైన పారదర్శకంగా పసుప్పచ్చని పూత. నా దాంట్లో ఆ పూత ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోంచి ఏళ్ళ తరబడి గాలిలో తేమ లోపలి కాగితంలోకి దిగుతుంది. అవి మెయిన్స్‌కు అడ్డంగా ఉన్నవి. 230 వోల్టులు తగలగానే లోపల షార్టయి ఠప్పుమని పగిలి, ఇల్లంతా కంపు పొగ నిండుతుంది.

రెండూ పీకి, ఎక్స్2 రకం ప్లాస్టిక్ ఫిల్ము కెపాసిటర్లు వేశాను. పక్కనున్న 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కూడా మార్చాను. తర్వాత షాపులో రోజూ వాడే సిరీస్ బల్బు బోర్డుకు తగిలించి, 5 వోల్టుల లైన్ మీద లోడుగా బైకు ఇండికేటర్ బల్బులు రెండు పెట్టి ఆన్ చేశాను. సిరీస్ బల్బు ఒక్కసారి మెరిసి మసకబడింది, అంటే షార్టు లేదు. మీటరులో 5.04. మదర్‌బోర్డుకు పోయే తీగలు ఏడు: ఎర్రవి మూడు 5 వోల్టులకు, నల్లవి మూడు గ్రౌండుకు, ఊదారంగుది ఒకటి మైనస్ 5కి. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

జూన్ 15

బోర్డుకు కలిపి స్విచ్ వేశాను. బీప్ అని మొదలై ఆగలేదు.

ఈ మిషను బాగుంటే ముందు బొంగురుగా ఒక చిన్న మోత, వెంటనే సన్నగా ఇంకొకటి, రెండే వస్తాయి. కరెంటు రాగానే సౌండు చిప్పు తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది. దాని నోరు మూయించడం ప్రాసెసర్ లేచాక చేసే తొలి పనుల్లో ఒకటి. మోత ఆగలేదంటే 6502 ప్రాసెసర్ ఇంకా పనిలోకి దిగలేదన్నమాట.

సాకెట్లలో ఉన్న చిప్పులన్నీ ఒక్కొక్కటే పీకాను. ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ అచ్చుపోసిన రోమ్ చిప్పు, బేసిక్ భాష ఉన్న రోమ్, పోర్టులు చూసుకునే 6522లు రెండూ. కాళ్ళు పూజగదిలో తోమని వెండి కుందుల్లా నల్లబడ్డాయి. ఫైబర్ బ్రష్షుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, తిరిగి గుచ్చాను. ఈసారి బొంగురు మోత, సన్న మోత. నిశ్శబ్దం. రాత్రి పదకొండింటికి షాపులో ఒక్కణ్ణే ఉన్నా చప్పట్లు కొట్టాను.

జూన్ 22

వీడియో బయటికి వచ్చే బీఎన్‌సీ సాకెట్ నుంచి తీగ లాగి 14 అంగుళాల పాత టీవీకి కలిపాను. దీంట్లోంచి వచ్చేది నలుపు తెలుపు బొమ్మే అయినా చూసుకోవడానికి చాలు. తెర నిండా జంట కొటేషన్ గుర్తులు! వాటి మధ్య పై వరసలో తప్పుతప్పుగా బీబీసీ కంప్యూటర్ అని. కంప్యూటర్ స్పెల్లింగులో ఎం ఉండాల్సిన చోట ఓ ఉంది, పీ ఉండాల్సిన చోట ఆర్ ఉంది. సీ మాత్రం సీగానే ఉంది.

దీన్ని చూస్తూ కాగితం తీసుకున్నాను. మిషను లోపల ప్రతి అక్షరానికీ ఒక కోడు నంబరు ఉంటుంది. ఖాళీ కోడు 32, కొటేషన్ గుర్తు కోడు 34. చిన్న ఎం 109, చిన్న ఓ 111. చిన్న పీ 112, చిన్న ఆర్ 114. అన్నిచోట్లా తేడా 2. పెద్ద సీ కోడు 67. బైనరీలో రాస్తే రెండు విలువ చేసే బిట్టు అందులో ముందే ఉంది కాబట్టి అది మారలేదు. అంటే ఏ అక్షరం రాసినా ఆ ఒక్క బిట్టు ఎప్పుడూ 1గానే తిరిగొస్తోంది.

ఈ మిషనులో 32 కేబీ ర్యామ్, అంటే మెమరీ, పదహారు చిప్పులుగా ఉంటుంది. ఒక్కొక్కటి 16 కిలోబిట్లు, నంబరు 4816. ఎనిమిదేసి చొప్పున రెండు వరసలు, వరసలో ఒక్కో చిప్పు ఒక్కో బిట్టును చూసుకుంటుంది. ఆన్ చేయగానే వచ్చే తెర పద్ధతి, మోడ్ 7, మెమరీ చివరి 1 కేబీలో ఉంటుంది. అంటే పై వరసలో రెండో బిట్టు చిప్పు. పదహారింటిలో ఏది చచ్చిందో తెరే చెప్పేసింది. నా ముప్పై ఏళ్ళ రిపేరు పనిలో ఇంత శుభ్రంగా దొరికిన లోపం ఇంకొకటి లేదు.

నా బోర్డులో ర్యాములన్నీ సోల్డర్ చేసినవే. కాళ్ళు కత్తిరించి చిప్పు బాడీ తీసేసి, ఒక్కో కాలునూ విడిగా వేడిచేసి లాగి, సక్కరుతో రంధ్రాలు శుభ్రం చేసి, అక్కడ సాకెట్ వేశాను. అదే నంబరు చిప్పు ఆన్‌లైన్‌లో దొరికింది. రావడానికి పది రోజులు పడుతుందట.

జూలై 6

కొత్త చిప్పు గుచ్చగానే కొటేషన్లు పోయాయి. బీబీసీ కంప్యూటర్ 32కే, కింద బేసిక్, కింద ప్రాంప్టు. పలక తుడిచినంత శుభ్రంగా ఉంది తెర.

కీబోర్డులో ఐదు కీలు పలకలేదు. కాంటాక్టు క్లీనరు, ఓ గంట ఓపిక. ఇక క్యాసెట్.

తొందరపడి టేపు నేరుగా ఆడించలేదు. ముందు వేరే క్యాసెట్ వేసి టేప్ రికార్డరు బెల్టు, హెడ్డు సరిచూసుకుని, ఆ తర్వాతే మామ టేపు పెట్టి, ఒకపక్క ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకుంటూ ఆడించాను. మొదట సన్నని ఈల, 2400 హెర్ట్జ్. తరవాత గరగర. ఆ గరగరలోనే ప్రోగ్రాం అంతా ఉంది: సున్నాకు 1200 హెర్ట్జ్ అల ఒకటి, ఒకటికి 2400 హెర్ట్జ్ అలలు రెండు. సెకనుకు 1200 బిట్లు.

తెర మీద ఫైలు పేరు వచ్చింది: రాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో. పక్కన బ్లాకు నంబరు పెరుగుతూ పోయింది. ఒక్కో బ్లాకు 256 బైట్లు, ప్రతిదాని వెంటా తప్పు పట్టుకునే చెక్ ఒకటి ఉంటుంది. హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో 13, మన లెక్కలో 19వ నంబరు బ్లాకు దగ్గర ఆగి, డేటా అని ప్రశ్నార్థకంతో అడిగింది. నా గుండె జారింది. ఈ మిషను మంచితనం ఏమిటంటే అక్కడ మొత్తం పారేయదు. టేపు కాస్త వెనక్కి తిప్పి మళ్ళీ ఆడిస్తే ఆ బ్లాకు నుంచే అందుకుంటుంది. ఆరుసార్లు తిప్పాను. ఆరుసార్లూ అక్కడే.

చివరికి హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూ పట్టుకున్నాను. 1980లలో ఏ రికార్డరు మీద ఇది ఎక్కించారో ఆ హెడ్డు ఏ కోణంలో ఉందో, నా హెడ్డు కూడా ఆ కోణానికి రావాలి. టేపు ఆడుతుండగానే సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. ఒకచోట గరగర పదునెక్కింది, దుప్పటి తీసేసినట్టు. అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, ఆడించాను. 13 దాటింది. 14. 15. చివరి బ్లాకు. బీప్.

రన్ కొట్టాను. కోణం ఎంత, వేగం ఎంత అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు అడిగింది. 45, 20 ఇచ్చాను. చుక్క లేచింది.

మామకు వీడియో కాల్ చేసి తెర చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, “ఇంకొకసారి ఇయ్యి, 60 పెట్టు,” అన్నాడు.

జూలై 20

మరమ్మతు అయింది, ఇక అప్‌గ్రేడ్లు. టేపు మీద ఆధారపడకుండా ప్రోగ్రాం ఒకచోట భద్రంగా ఉండాలి. పాతకాలం దారి ఫ్లాపీ. దానికి ఇంటెల్ 8271 కంట్రోలరు చిప్పు కావాలి, నా బోర్డులో ఆ సాకెట్ ఖాళీ. ఆ చిప్పు అరుదు, ఖరీదు. అందుకే ఎస్‌డీ కార్డు దారి పట్టాను. మిషను అడుగున యూజర్ పోర్టు అని 20 పిన్నుల కనెక్టరు ఉంది. దానికి చిన్న అడాప్టరు, అందులో కార్డు. కార్డు 3.3 వోల్టులది, పోర్టు 5 వోల్టులది, కాబట్టి మధ్యలో లెవెల్ తగ్గించే భాగం తప్పనిసరి.

కార్డును మిషను గుర్తుపట్టాలంటే ఎంఎంఎఫ్ఎస్ అనే రోమ్ ఒకటి పెట్టాలి. బోర్డు మీద ఇలాంటి అదనపు రోముల కోసం సాకెట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 16 కేబీ. చెన్నై పోయినప్పుడు రిచీ స్ట్రీట్‌లో పాత 27సీ128 ఈప్రోములు (చెరిపి మళ్ళీ రాయగలిగే రోములు) నాలుగు తెచ్చాను. వాటిలో ఎవరివో పాత ప్రోగ్రాములున్నాయి, చెరపాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. వాటర్ ప్యూరిఫయర్లలో వాడే యూవీ ట్యూబు ఒకటి షాపులో స్పేరు ఉంది. చిప్పు పైనుండే చిన్న గాజు కిటికీ మీది స్టిక్కరు ఒలిచి, చిప్పుల్ని ట్యూబు కింద పెట్టి, అంతా రేకు డబ్బాతో మూసి అరగంట ఉంచాను. ఆ వెలుతురు కంట పడకూడదు. ప్రోగ్రామరులో పెట్టి చూస్తే నాలుగూ ఖాళీ అయ్యాయి.

కార్డులో దాదాపు 100 ఎంబీల పెద్ద ఫైలు ఒక్కటే ఉంటుంది. ఆ ఫైలులో 200 కేబీల డిస్కులు 511 పడతాయి. ఫైలు కార్డు మీద ముక్కలు కాకుండా ఒకే వరసగా ఉండాలి, కాబట్టి కార్డును ఫార్మాట్ చేసి మొదట దీన్నే కాపీ చేయాలి. ఎక్కించాను. డిస్క్ ఒకటి పెట్టి, మామ ప్రోగ్రాంను లోడ్ చేసి, రన్ కొట్టాను.

బ్యాడ్ మోడ్ అంది తెర.

జూలై 27

వారమంతా దీని మీదే. చిప్పు లోపం కాదు, లెక్క. టేపుతో నడిపేటప్పుడు బేసిక్ ప్రోగ్రాం 3,584వ బైటు నుంచి మొదలవుతుంది. డిస్క్ సిస్టమ్ వచ్చాక అది తన పనికి కొంత ర్యామ్ పట్టుకుంటుంది, ప్రోగ్రాం 6,400 నుంచి మొదలవ్వాలి. మామ బొమ్మ గీసేది మోడ్ 1లో, నాలుగు రంగులు, 320 చుక్కలు వెడల్పు, 256 ఎత్తు. ఆ తెరకే 20 కేబీ పోతుంది, అది 12,288 దగ్గర మొదలవుతుంది. మధ్యలో మిగిలేది టేపుతో 8,704 బైట్లు, డిస్కుతో 5,888. మామ ప్రోగ్రాం దాదాపు 7,000.

ఆ రోజుల్లో మామ ఈ ఎనిమిదిన్నర వేల బైట్లలో సంసారం చేశాడు. ప్రోగ్రాం లిస్టు చూస్తే తెలుస్తుంది. పేర్లన్నీ ఒక్క అక్షరమే, అక్కర్లేని ఖాళీ ఒక్కటి లేదు, ఒకే లైనులో ఐదారు పనులు కోలన్‌తో కలిపి రాశాడు.

పరిష్కారం సైడ్‌వేస్ ర్యామ్. రోమ్ సాకెట్లో గుచ్చే చిన్న బోర్డు, 62256 ర్యామ్ చిప్పుతో, బ్యాటరీతో. రాసే సిగ్నలు కోసం ఒక తీగ కావాలి, దాన్ని క్లిప్పుతో పట్టించాను, సోల్డర్ లేదు. ఎంఎంఎఫ్ఎస్‌కు ఈ ర్యామ్ కోసమే ఇంకో రూపం ఉంది. అది తన లెక్కలన్నీ సైడ్‌వేస్ ర్యామ్‌లోనే రాసుకుని, బేసిక్‌కు మళ్ళీ 3,584 నుంచి చోటు వదిలేస్తుంది. ప్రోగ్రాం నడిచింది, ఈసారి కార్డు మీంచి, అరక్షణంలో లోడయి.

ఆగస్టు 10

రంగులు. ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ బోర్డు, రాస్‌ప్బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్‌తో, వెనక ఉన్న ఆరు పిన్నుల డిన్ సాకెట్‌కు. మానిటరు మీద గీతలు కత్తిరించినట్టున్నాయి. చుక్క పసుపు రంగులోనే ఉంది, నాకు గుర్తున్న పసుపే.

ఆగస్టు 15

సెలవు. మామకు చెప్పకుండా ఒక పని చేశాను. ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో అడగాలి.

మోడ్ 7లో ఇది కుదరదు, అక్కడి అక్షరాలు వేరే చిప్పులో అచ్చుపోసి ఉంటాయి. మోడ్ 1లో మాత్రం ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది నిలువు ఉన్న డబ్బాలో మనకు నచ్చిన ఆకారం గీసుకోవచ్చు. వీడీయూ 23 అనే ఆదేశం, తరవాత అక్షరం నంబరు, తరవాత ఎనిమిది వరసలకు ఎనిమిది అంకెలు. అదనంగా మెమరీ అడక్కుండా 32 ఆకారాలు పడతాయి.

గళ్ళ నోటుబుక్కులో ‘ర’తో మొదలుపెట్టాను. పైన తలకట్టుకు నాలుగు వరసలు, కింద సున్నకు నాలుగు: 2, 68, 40, 16, 60, 66, 66, 60. తెర మీద చూస్తే అచ్చంగా ర. ‘ణ’కు రెండు డబ్బాలు పట్టాయి. ‘కో’ సాయంత్రం దాకా ఏడిపించింది. దీర్ఘం తోక సరిగ్గా రాకపోతే ‘కొ’ అవుతుంది. చివరికి ‘క’ ఒంటితో ఓత్వాన్ని కలిపేసి, తోకకు పక్క డబ్బాలో మూడు చుక్కలు ఇచ్చాను. ‘ం’ ఒక్కటే గీసి ఐదుచోట్ల వాడాను. కోణం ఎంత, వేగం ఎంత, దూరం. మొత్తం 19 ఆకారాలు.

ఆగస్టు 31

ట్యూబ్. ఈ మిషనులో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అడుగున 40 పిన్నుల పోర్టు. ఇంకో ప్రాసెసర్‌ను, దాని సొంత మెమరీతో సహా, ఇక్కడ తగిలించవచ్చు. అప్పుడు లెక్కలు అది చేస్తుంది, పాత 6502 కీబోర్డు, తెర, డిస్క్ చూసుకుంటుంది. 1981లోనే ఇట్లా ఆలోచించి చోటు వదిలారు.

ఈ మిషను తయారీలో ముఖ్యులైన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లే తర్వాత ఆర్మ్ ప్రాసెసర్ రూపొందించారు. 1985 ఏప్రిల్‌లో తొలి ఆర్మ్ చిప్పు వచ్చినప్పుడు దాన్ని నడిపింది కూడా బీబీసీ మైక్రో ట్యూబ్ పోర్టుకు తగిలించే. ఇప్పుడు నేను అక్కడ పెట్టింది ఇంకో రాస్‌ప్బెర్రీ పై జీరో, దాని లోపల ఉన్నదీ ఆర్మే. పై ట్యూబ్ డైరెక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో అది 6502 రెండో ప్రాసెసర్‌లా నటిస్తుంది. మధ్యలో ఇక్కడా లెవెల్ షిఫ్టరు బోర్డు ఉండాలి.

మొదటిసారి ఆన్ చేస్తే ఏ తేడా లేదు, మామూలు తెరే వచ్చింది. ట్యూబ్ హోస్ట్ కోడు, అంటే ట్యూబ్‌తో మాట్లాడే ప్రోగ్రాం, ఉన్న రోమ్ లేకపోతే మిషను అటువైపు చూడదని తరవాత అర్థమైంది. అది ఇంకో ఈప్రోములో రాసి పెట్టాక, ఏకార్న్ ట్యూబ్ 6502, 64కే అని వచ్చింది.

ఇప్పుడు బేసిక్ ప్రోగ్రాముకు 30,720 బైట్లు, ఏ మోడ్‌లోనైనా. తెర మెమరీ పాత మిషనులో, ప్రోగ్రాం కొత్తదాంట్లో. మామ అప్పట్లో తెర మెమరీలోకి నేరుగా చేయి పెట్టకుండా అంతా ప్లాట్, డ్రా అనే బేసిక్ ఆదేశాలతోనే గీశాడు. అందుకే ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది.

సెప్టెంబరు 14

మామ బస్సెక్కి వచ్చాడు. షాపు షట్టరు సగం దించి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను. రన్ కొట్టాడు. కోణం ఎంత అని తెలుగులో కనిపించేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఎన్ని బైట్లు మిగిలినాయి?”

చెప్పాను. లిస్ట్ కొట్టి పై నుంచి కిందిదాకా చదివాడు. 340వ లైను దగ్గర వేలు పెట్టాడు.

“ఇక్కడ గాలి లెక్క ఉండాల్సింది రా. గాలి అడ్డుపడేది. రాసినాను కూడా. చోటు చాల్లేదని తీసేస్తి. పిల్లోళ్ళకు గాలి లేని చోట రాయి విసిరినట్టు చూపిస్తా వచ్చినా అన్నేళ్ళు.”

కాగితం అడిగాడు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కలోనూ వేగం వర్గానికి తగ్గట్టు కొంత తగ్గిస్తూ పోయే లెక్క రాసుకున్నాడు. తర్వాత ఒక వేలితో, ఒక్కో కీ చూసుకుంటూ, 341 నుంచి 349 దాకా తొమ్మిది లైన్లు టైపు చేశాడు. ఈసారి పేర్లు ఒక్క అక్షరం కాదు, గాలి, వేగం అని పూర్తిగా రాశాడు.

45 ఇచ్చాం. పాత వంపు తెల్లగా, కొత్తది పసుపుగా గీయమన్నాడు. తెల్లది రెండు పక్కలా ఒకేలా ఉంది. పసుపుది అంత ఎత్తు పోలేదు, ముందుగానే వంగి, చివర నిటారుగా దిగింది.

“చూసినావా, కొస దగ్గర ఎట్లా పడతాందో. బంతి ఎప్పుడూ ఇట్లనే పడుతుంది.”

40 ఇచ్చాడు. 45 కన్నా దూరం పోయింది. 38 ఇచ్చాడు. టీ చల్లారిపోయింది.

కార్డులో సేవ్ చేశాను. మామ సంచిలోంచి ఆ పాత క్యాసెట్ తీసి, రెండో వైపు తిప్పి ఇచ్చాడు. ఆ వైపు ఖాళీ. రికార్డరు కలిపి, సిస్టమ్‌ను టేపుకు మార్చి, సేవ్ కొట్టాను. రికార్డ్ నొక్కి రిటర్న్ కొట్టమని తెర అడిగింది. రికార్డ్ మామ నొక్కాడు, రిటర్న్ నేను కొట్టాను. రిలే టిక్కుమంది, కీబోర్డు మీద మోటారు లైటు వెలిగింది. బ్లాకులు ఒక్కొక్కటే టేపులోకి పోతుంటే మామ జేబులోంచి పెన్ను తీసి, అట్ట మీద పాత రాత కింద ‘గాలితో’ అని రాశాడు.